కౌంటరు వెనక మామయ్య

ఆ రోజుల్లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, నా చేతులు దురద పెట్టేవి. ఇంటీరియర్ డిజైన్ కోర్సు ముగించి పుదుచ్చేరిలోనే ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. కురుచికుప్పంలో సముద్రం దగ్గర తెరవబోయే ఒక బారు పనిని మా సారు మొదటిసారి నా ఒక్కదాని చేతిలో పెట్టి, "ఇది చెడగొడితే మళ్లీ ఆఫీసు మెట్లెక్కొద్దు" అని ఆశీర్వదించాడు. అంతకుముందు బారులో అడుగైనా పెట్టనిదాన్ని (కోసపాళయంలో మా ఇంట్లో ఆ మాటను కూడా గొంతు తగ్గించే అనేవాళ్లు). అయినా చెక్క కౌంటరు, పసుపు దీపాలు, ఎర్ర గచ్చు అన్నీ బాగానే కుదిరాయి. కౌంటరు వెనక గోడ మాత్రం బోసిగా ఉండిపోయింది. అక్కడ పాతకాలపు ఫొటోలు పెడితే తాతలనాటి హాలులా ఉంటుందని నాకొక మహా గొప్ప ఆలోచన తట్టింది.

ఫొటోల కోసం బజారుకెందుకు, మా చుట్టాల అటకల మీద పోయినవాళ్లు దండిగా ఉన్నారు కదా! ఇల్లిల్లూ తిరిగాను. "తాగేవోళ్ల నడాన మా నాయన్ని నిలబెడతావా, సిగ్గు లేదా?" అని అమ్మ కసిరింది గానీ, మిగతావాళ్లు ఇస్తూనే ఉన్నారు (అటక ఖాళీ అవుతుందంటే ఎవరికి చేదు?). మేనత్త మాత్రం "బారుకేనా?" అని ఒక్క మాట అడిగింది. అవునన్నాను. తనే అటకెక్కి, పాత పంచెలో చుట్టిన పెద్ద ఫొటో దించి ఇచ్చింది. కోటు తొడుక్కుని కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డ అందగాడు. ఎవరని కూడా అడగలేదు. ఆ కోటు నా గోడకు భలే నప్పుతుందని నా సంబరం. ఫొటోల మీది పాత బొట్లన్నీ తడిగుడ్డతో తుడిచేసి మేకులకు తగిలించాను.

తెరిచే రోజు పూజకు ఫొటోలిచ్చినవాళ్లందరినీ పిలిస్తే అత్త ఒక్కతే వచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి చూద్దును కదా! ప్రతి ఫొటోకూ గంధం, కుంకుమ, బంతిపూల దండ! సీసాల మధ్య ఊదొత్తుల పొగ! "పెద్దోళ్లు గదమ్మా, బొట్టు లేకుండా ఎట్లా ఇడిసేది?" అన్నాడు కౌంటరు చేసిన వడ్రంగి అన్న తృప్తిగా. అంతలో వచ్చిన మొదటి అతిథి గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, "ఎవురు పోయింది?" అని మెల్లగా అడిగాడు.

బారు ముదలాళి (మా వైపు యజమానిని అట్లాగే అంటారు) మొహం నల్లబడింది. "ఏందిమా ఇది? బారా, సావిల్లా? అన్నీ దించు. మీ సారుకు ఇప్పుడే ఫోన్ కొడతా!"

నా ఉద్యోగం పోయిందని అర్థమైంది. స్టూలెక్కి ఒక్కొక్కరినీ దించసాగాను. కోటాయన దగ్గరికి వచ్చేసరికి అత్త గొంతు వినబడింది.

"ఆయన్ని దించొద్దు."

"ఎవరత్తా ఈయన?"

"మీ మామ."

నాకు ఊహ తెలియకముందే మామయ్య తాగి తాగి, కడుపు ఉబ్బి పోయాడు. అత్త ఇంట్లో ఆయన ఫొటో నేనెన్నడూ చూడలేదు. "అయ్యో, నాకు తెలీదత్తా..."

"నాకు తెలుసు గదా. తెలిసే ఇచ్చినా" అంది. ముదలాళి వైపు తిరిగింది. "సాయంత్రమైతే ఒక్కనాడు ఇంట్లో ఉన్నోడు కాదు సామీ. ఈడే ఉండనీ. అందురూ తాగతా ఉంటే చూస్తా ఉండనీ, ఒక్క చుక్క అందకుండా."

ముదలాళి పక్కకు తప్పుకున్నాడు. నాకు అంత భయంలోనూ నవ్వు తన్నుకొచ్చింది. నేను కిందికి దిగగానే అత్త నా స్టూలెక్కి, దండను మొహానికి అడ్డం లేకుండా పక్కకు జరిపింది. "ఎంత బాగుండాడో చూడు పాపా అప్పుడు" అంది. అని, గోడకు తల ఆనించి భోరుమంది. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

మరునాడే సారు నన్ను ఇంటికి పంపించేశాడు (మాట తప్పని మనిషి). ఇప్పుడు సొంతంగా బారులు, హోటళ్లు చేస్తున్నాను. గోడకు పాత ఫొటోలు కావాలని ఎవరైనా అంటే, "ఎవరివండీ?" అని ముందే అడుగుతాను. ఎవరివైతే ఏమిటని వాళ్లు నవ్వుతారు. ఒకప్పటి నన్ను చూసినట్టుండి నేనూ నవ్వేస్తాను.