గూటానికి కట్టిన కారు

కారు కొని మూడేళ్లయినా అది ఎద్దు కాదన్న సంగతి రంగప్పకు ఇంకా ఒంటబట్టలేదు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో ఊరు. జన్మంతా ఎద్దుల తోకలు మెలేసిన చేయి. మోకాళ్లు మొరాయించాక ఎద్దులను అమ్మేసి, ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన వాడి వాడి విసిగిపోయిన తెల్ల కారు కొన్నాడు. రోజూ పొద్దున్నే మెడ నిమిరినట్టు దాని బానెట్ నిమురుతాడు. పరాయి చేయి పడనివ్వడు. మెకానిక్ దగ్గరికి తీసుకుపోవడమంటే పశువుల ఆసుపత్రికి తోలుకుపోయినంత దిగులు.

ఆ కారు పోయిన ఏడు పరువు తక్కువ పని ఒకటి చేసింది. ఆదోని మార్కెట్ యార్డు పక్కన రంగప్ప హ్యాండ్‌బ్రేకు మరిచి సోడాకు దిగితే, భార్య బసమ్మను కడుపులో పెట్టుకుని తనంతట తానే నడిచిపోయి పత్తి మూటల్లో మూతి పెట్టింది. బసమ్మకు దెబ్బేం తగల్లేదు, నోటికి మాత్రం పని దొరికింది. ముకుతాడు లేనిదాన్ని ఇక ఎక్కనని వీధి వీధికీ చెప్పింది. అప్పటినుంచి రంగప్ప ఇంటికి రాగానే కారును పాత ఎద్దుల పగ్గంతో వాకిట్లో పాతిన గూటానికి కట్టేస్తున్నాడు. అయినా ఆమె ఎక్కలేదు.

ఇప్పుడు కౌతాళంలో కూతురు మల్లేశ్వరి బిడ్డను తొట్టెలో వేసే వేడుక. బసమ్మ రెండు బస్సులు మారి పోతానంటోంది. ఇంటిముందు కారు పెట్టుకుని పెండ్లాం బస్సు దిగి నడిచొస్తే వియ్యంకుడు గిడ్డయ్య ఏమంటాడో రంగప్పకు తెలుసు. ఏమీ అనడు, నవ్వుతాడు. అది ఇంకా ఘోరం.

ముందురోజు బసమ్మ సంతలో పశువును చూసినట్టు కారు చుట్టూ తిరిగింది. వెనక టైర్ల గీతలు లోతుగానే ఉన్నాయి. ముందు టైర్లవి రంగప్ప నెత్తిమీది వెంట్రుకల్లాగా పలచబడ్డాయి.

“ముందువి యెనక్కి, యెనకవి ముందరికి మార్సు. నా కండ్ల ముందర మార్సు. అప్పుడు సూస్తా,” అంది.

చూస్తానంది గానీ ఎక్కుతానని అనలేదు. రంగప్పకు అంతే చాలు.

వాకిలంతా నల్లరేగడి, జాకీ దిగబడుతుంది. అందుకని పగ్గం అందినంత మేర కారును చదునుగా ఉన్న సిమెంటు రోడ్డు మీదికి తెచ్చాడు. పగ్గం విప్పబోతే బసమ్మ ఒప్పుకోలేదు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేశాడు. అవి చాలవని ఆమె కారం నూరే గుండు కూడా తెచ్చి వేసి, ఇది కదిలిందంటే చూసుకో అని కారునే బెదిరించింది.

ఒకప్పుడు లారీ క్లీనర్‌గా తిరిగిన తిమ్మన్న వచ్చి, ఎడమ పక్క ముందుదాన్ని కుడి పక్క వెనక్కి వెయ్యాలని, అదే పద్ధతని చెప్పాడు. రంగప్ప చేతిలో పానా ఆగిపోయింది.

“దాపటెద్దును వలపట కడితే నడుస్తాదా తిమ్మన్నా? ఇన్నేండ్లు ఎడమ పక్క తిరిగిన టైరు ఇది. కుడి పక్క దావ దానికెట్ల తెలుస్తాది?”

టైరుకు కళ్లు లేవని తిమ్మన్న చెప్పి చూశాడు. లారీ వెనక వేలాడినవాడికి సేద్యం సంగతేం తెలుసని బసమ్మ అతని నోరు మూయించింది. ఏ పక్కది ఆ పక్కనే ఉండి, ముందూ వెనకా మాత్రం మారాలని తేలింది.

చక్రం నేలమీద ఉండగానే రంగప్ప నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాడు. కారు కిందికి తల పెట్టలేదు. ఊడదీసిన టైరును కిందికి తోశాడు, జాకీ జారితే కారు దానిమీద కూర్చుంటుందని. ఉన్నది ఒకటే జాకీ కాబట్టి మధ్యలో స్టెప్నీ తగిలించుకుంటూ ఒక్కో పక్కా మార్చాడు. నట్లు ఎదురెదురువి బిగించి, కారు దించాక మళ్లీ గట్టిగా బిగించాడు. ప్రతి టైరుకూ ఇంగ నీ చోటు ఇదేనని మెల్లగా చెప్పాడు.

మర్నాడు బసమ్మ కొత్త చీర కట్టి, బెల్లం కొబ్బరికాయల గంపతో వచ్చి, నేరుగా ఎక్కి కూర్చుంది. రంగప్ప రాళ్లు తీసి, గుండు ఇంట్లో పెట్టి, స్టార్ట్ చేశాడు. కారు జానెడు కదిలి ఆగింది. రొప్పింది. మళ్లీ ఆగింది. ముందుకొచ్చిన టైరు అలిగిందనుకుని అతను దిగి దాని పక్కన కూర్చుని, కౌతాళం దాకా ఓర్చుకోమని బతిమాలాడు.

బసమ్మ తలుపు మీద చేయి వేసింది. దిగిపోతోందనుకుని రంగప్ప గబుక్కున లేచాడు. ఆమె అద్దం దించి వెనక్కి చూసింది.

“పగ్గం ఇప్పకుండా యేదైనా యెట్ల కదుల్తాదయ్యా?”

వీధి వీధంతా నవ్వింది. బసమ్మ నవ్వలేదు, దిగనూ లేదు. అంత రొప్పి కూడా గూటం దగ్గర ఆగిందంటే ఇది మాట వినే రకమేనని ఆమెకు నమ్మకం కుదిరింది. గూటం పెరికి, పగ్గంతో సహా డిక్కీలో వెయ్యమంది.

కౌతాళంలో దిగగానే రంగప్ప నట్లన్నీ మరోసారి బిగించాడు. మార్చిన చక్రాలు కొంత దూరం తిరిగాక చూసుకోవాలి. తర్వాత గూటం పాతి కారును కట్టేశాడు. గిడ్డయ్య గడప మీద నిలబడి అంతా చూశాడు. ఆ తర్వాత దొడ్లోకి పోయి, ఒక కట్ట జొన్నచొప్ప తెచ్చి కారు ముందర వేశాడు. బసమ్మ గంప చంకన పెట్టుకుని తీరిగ్గా దిగింది.

“మేత యేసే తోలుకొచ్చినాము గిడ్డయ్యన్నా. ఎండన పడి వచ్చింది. సల్లారినంక ఒక సెంబు నీళ్లు పెట్టు సాలు.”

గిడ్డయ్య నిజంగానే చెంబు పట్టుకుని వచ్చి, ఇది ఎటుపక్క తాగుతుందని అడిగాడు.