నాయన చెప్పిన బొగ్గు గని

శుక్రవారం ఉదయం ఏడుంపావుకి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాం, నేనూ మా అక్క మొగుడూ. ఆళ్లగడ్డ అవతల, నల్లమల అంచున దొరలు బొగ్గు గని తవ్వారనీ, అక్కడ తన తాత ట్రాం పట్టాల మీద బండ్లు తోశాడనీ మా నాయన చచ్చేదాకా చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వింది బావ. ఆయన రైల్వేలో ముప్పై ఏళ్లు పట్టాలు బిగించిన మనిషి కాబట్టి ఆ నవ్వుకి విలువెక్కువ. నాయన పోయి ఏడాదైనా అది నాకింకా గుచ్చుకుంటోంది. అందుకే ఈ ప్రయాణం. బావ మాత్రం నా ఓటమి కళ్లారా చూడ్డానికి వచ్చాడు.

కిటికీ పక్క సీటు ఆయనే తీసుకున్నాడు.

"మన సీమలో బొగ్గు యాడిదప్పా, ఇస్త్రీ పెట్టెలో తప్ప?" అన్నాడు. ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి నవ్వాడు.

ఎనిమిదిన్నరకి ఆళ్లగడ్డలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. గనిలో దిగాలంటే బలముండాలని బావ రెండు ప్లేట్లు లాగించాడు. ఆటోలో కొండకింది పల్లె చేరేసరికి పదైంది.

ఒక రైతు మమ్మల్ని కంప పెరిగిన గుంత దగ్గరికి తీసుకెళ్లాడు. "దొరలు తవ్విరంట. బొగ్గూ రాలా, నీళ్లూ రాలా."

"పట్టాలు?" అన్నాను.

"ఎప్పుడో పీక్కపోయిరి. పట్టాలేసిన కట్ట చదును చేసి శనగ ఏసుకున్యాం."

"గుంత ఎవురైనా తవ్వుతారు. పీక్కపోయిరంటే సరా? మామ చెప్పిన ట్రాంకి గుర్తేదీ?" అన్నాడు బావ. పట్టా ముక్క దొరికితే వేసుకుందామని తెచ్చిన గోనెసంచి చంకలోనే ఉండిపోయింది.

తిరిగొస్తుంటే చేను గట్టు మీద మోకాలెత్తు అమ్మవారు, ఒళ్లంతా పసుపు. ఒక పెద్దామె పూజకి సిద్ధం చేస్తోంది. దేవత కనిపిస్తే బావ ఆగలేడు. చెప్పులు విడిచి, చెంపలు వేసుకుని, వంగి దండం పెట్టాడు.

"ఉండప్పా, తల్లికి నీళ్లు పోసి నీకు బొట్టు పెడతా," అని ఆమె బిందె వంచింది. వారం నాటి పసుపు కారిపోయింది. కింద ఇనుము. పైన ఉబ్బుగా, నడుము సన్నగా, పక్కన బోల్టు బెజ్జం. బావ దండం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత మెల్లగా, ముప్పై ఏళ్లు పట్టాలకి బోల్టులు బిగించిన వేలు ఆ బెజ్జంలో పెట్టి చూశాడు.

"తల్లి మీద చెయ్యి ఎయ్యగాకప్పా," అందామె. "మా అవ్వ కాలం నుంచి మొక్కుతాండాం. కొండలోంచి బండ్లు మోసిన తల్లంట."

గోనెసంచి వీపు వెనక దాచేశాను. ఆమె మా ఇద్దరికీ బొట్టు పెట్టి, నాకు కుంకుమ పొట్లం ఇచ్చింది. మీరూ వెళ్లదలిస్తే శుక్రవారమే వెళ్లండి. మిగతా రోజుల్లో పసుపు తప్ప ఏమీ కనబడదు.

మూడింటికి ఆళ్లగడ్డలో తిరుగు బస్సు. బావ కిటికీ పక్క సీటు నాకు వదిలేశాడు. నాకు సంతోషంగానే ఉంది, కానీ నవ్వాలనిపించలేదు. ఈ సంగతి వినడానికి నాయన లేడు.

నంద్యాల దగ్గరపడుతుంటే బావ చెయ్యి చాచాడు.

"ఆ కుంకుమ ఇట్లియ్యి. మామ పటానికి నేనే పెడతా."