సార్ అడిగిన రెండో శాంపిల్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, షిఫ్టు బస్సు పటాన్‌చెరు దాటుతుండగా ఫోన్ వచ్చింది. మా ల్యాబ్ సార్ పోయారు. నాకు ఏడుపు రాలేదు. ఒక జవాబు కోసం ఎదురుచూస్తూ, అది రాకముందే వెళ్లిపోయారే అని కోపం వచ్చింది.

బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఏ పరీక్ష చేసినా, మందు కలపని ఉత్త ద్రావకాన్ని కూడా పక్కన పరీక్షించాలి. వచ్చిన ఫలితం మందుదో, ద్రావకానిదో తేల్చేది అదే. దాన్ని బ్లాంక్ అంటాం. ఎంత మంచి ఫలితం తెచ్చినా ఆయన ముందు అడిగేది అదే: "బ్లాంకేది బిడ్డా?" ప్రాణం విసిగిపోయేది. ఒకసారి మరిచిపోయి, పెట్టానని బొంకాను. ఆయన అరవలేదు. తన చాయ్ నా ముందుకు జరిపి, "తాగి మల్ల చెయ్, ఇద్దరం సూద్దాం" అన్నారు. నాకు పని వచ్చిందంటే ఆయన వల్లే.

రెండేళ్ల కింద ఆయన ఛాతీ ఎముక వెనక, థైమస్ గ్రంథిలో కణితి బయటపడింది. చాలా అరుదైనదట. మేమంతా పరేషానైతే, ఆయన డాక్టర్‌ని ప్రశ్నలతో కాల్చుకుతిన్నారు. నిరుడు కూతురు కడుపుతో ఉన్నప్పుడైతే ఒకటే ప్రశ్న. "నా సంగతి ఇడువుండ్రి. ఇది నా బిడ్డకు, దాని కడుపుల పిల్లకు వస్తదా?"

కణితి ముక్క జన్యు పరీక్షకు వెళ్లింది. ఒక జన్యువు రాతలో ఒక్క అక్షరం మారిందని తేలింది. "ఇంత గడ్డకు గింత మార్పేనా!" అని కాగితాన్ని వెలుతురుకు పెట్టి మరీ మురిసిపోయారు. అంతలోనే ముఖం మారింది. అదే మార్పు రక్తంలోనూ ఉందో లేదో చూడందే, అది పుట్టుకతో వచ్చిందా, తర్వాత కణితిలోనే పుట్టిందా తెలియదు.

"రక్తం పంపలేదా బిడ్డా?"

ఆస్పత్రికి తోడు వెళ్లి ఫారం నింపింది నేనే. ఆయన దగ్గర అన్నేళ్లు పనిచేసి, రక్తం శాంపిల్ గడి ఖాళీగా వదిలేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నవ్వి చొక్కా చేయి పైకి మడిచారు. "తీస్కో. గిది తెలిసేదాక యాడికి పోను."

పోయారు. ఆ రక్తం రిపోర్టు పదకొండో దినం నాడు వచ్చింది. రక్తంలో ఆ మార్పు లేదు. డాక్టర్‌కి ఫోన్ చేసి రెండుసార్లు అడిగాను. వంశంలో వచ్చేది కాదన్నారు. అప్పుడు ఏడ్చాను.

సంగారెడ్డిలో వాళ్లింటికి వెళ్లి కూతురికి చెప్పాను. పాపను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "ఆ గ్రంథి యాడుంటదక్కా?" అంది, అచ్చం వాళ్ల నాన్నలాగే.

నా ఛాతీ ఎముక మీద వేలు పెట్టి చూపించాను. పసిపిల్లల్లో బాగా పెద్దగా ఉంటుందని, రోగాలతో పోరాడే కణాలు అక్కడే పని నేర్చుకుంటాయని, మనం పెరిగేకొద్దీ అది చిన్నదైపోతుందని చెప్పాను.

ఆమె ఒళ్లో నిద్రపోతున్న పాప ఛాతీ మీద అరచేయి ఆనించింది. చాలాసేపు తీయలేదు.