ఐవర్ పట్టిన ఆవిరి

"ఛాతీలో ఏం వండుతున్నావయ్యా?"

వీధి చివరి క్లినిక్‌లో సిస్టర్ బ్యూకస్ చెవుల్లోంచి స్టెతస్కోప్ గొట్టాలు తీస్తూ ఐవర్ సెప్టెంబర్‌ని అడిగిన మాట ఇది. సెప్టెంబర్ అతని ఇంటిపేరు. నెల మాత్రం జులై, కేప్‌టౌన్‌లో చలికాలపు వానలు. ఐవర్ ఒళ్లు కాలిపోతోంది, దగ్గితే బల్ల మీది కాగితాలు కదులుతున్నాయి.

"ఆవిరి పడుతూనే ఉన్నా సిస్టర్. రోజుకి ఇరవై సార్లు."

"నీలగిరి ఆకుతోనేనా?"

"నీలగిరి వాసనదే," అంటూ జేబులోంచి వేప్, అదే బ్యాటరీ సిగరెట్, తీశాడు.

నవ్వకండి. ఐవర్ ఉండే బాంటెహ్యూవెల్ పేటలో దగ్గొస్తే బేసిన్లో నీలగిరాకు వేసి, దుప్పటి కప్పి కూర్చోబెడతారు. ఐవర్ పగలు గోడలకు రంగులేస్తాడు, సాయంత్రం ట్రాంబోన్ ఊదుతాడు. జనవరి రెండున ఊరంతా చూసే ఊరేగింపులో పందొమ్మిదేళ్లుగా అతనిది ముందు వరుస. ఆ ఊపిరి కోసమే సిగరెట్ మానేసి ఇది పట్టాడు. బృందంలో బాకాలవాళ్లందరి నమ్మకం ఒకటే: ఇది పొగ కాదు, ఆవిరి. గొంతు వదులవుతుంది. అందుకే ఫ్లూ తగిలాక ఐవర్ మోతాదు పెంచాడు.

"ఇది నీళ్ల ఆవిరి కాదు నాయనా. గ్లిజరిన్, నికోటిన్, సెంటు కలిపి కాచిన పొగమంచు," అంది సిస్టర్. "గాలిగొట్టాల్లో సన్నటి నూగుంటుంది, చెత్తని పైకి ఊడ్చేస్తుంది. ఇది పడితే అది మందగిస్తుంది. క్రిముల్ని మింగే కాపలా కణాలూ మొద్దుబారతాయి. ఊడ్చేవాళ్లు లేరు, కాపలావాళ్లకి మత్తు. ఫ్లూ వెనకాలే న్యుమోనియా దర్జాగా వచ్చి కూర్చుంది."

"సిగరెట్ కంటే మేలంటారుగా?"

"సిగరెట్ కంటే మేలైనవి బోలెడున్నాయి. అన్నీ పీలుస్తావా? నలభై ఏళ్లు పీలిస్తే ఏమవుతుందో నాకూ తెలీదు, ఎవరికీ తెలీదు. నీ ఎక్స్‌రే మాత్రం ఇదిగో."

మందులకు జ్వరం తగ్గింది. బుద్ధి మాత్రం మందులతో రాలేదు. దగ్గు పోగానే వేప్ మళ్లీ జేబుకెక్కింది.

అక్టోబరులో కెప్టెన్ రెడ్‌వాన్ పరీక్ష పెట్టాడు. అది బృందం ఆనవాయితీ. సాధన గది తలుపు నుంచి గేటు దాకా కెప్టెన్ నడుస్తాడు. ఆయన గేటు ముట్టుకునేదాకా ఒకే స్వరం తెగకూడదు. కెప్టెన్ సగం దారిలో, డోళ్ల దగ్గర ఉండగానే ఐవర్ స్వరం తెగింది.

"ఈసారికి గొడుగు పట్టుకో ఐవర్. బాగా తిప్పుతావు."

అందరూ పగలబడి నవ్వారు. ఊరేగింపులో రంగుల గొడుగు తిప్పేది పెద్దమ్మలు, పసిపిల్లలు. ఎక్స్‌రే చెయ్యలేని పని ఆ గొడుగు చేసింది. ఆ సాయంత్రమే వేప్ సొరుగులో సాక్సుల కిందికి పోయింది.

"నాలుగు రోజులు కూడా ఆగడు," అంది భార్య రోవేనా. ఆగాడు గానీ ఇంట్లో కుర్చీల మీద కూడా అరిచాడు. ఐదో రోజు ఆవిడే అతన్ని ట్రాంబోన్‌తో సహా పెరట్లోకి తోసి తలుపేసింది. అప్పట్నుంచి రోజూ పెరట్లో ఒకే స్వరం. గోడవతల డోరీన్ అత్త గడియారం పట్టుకుని లెక్కపెట్టేది.

"నిన్నటికంటే మూడు సెకన్లు తక్కువ! తిన్నది ఎక్కడికి పోతోందిరా?"

"నీ చెవుల్లోకే అత్తా!"

డిసెంబరులో ఆఖరి అవకాశం. కెప్టెన్ కావాలని నింపాదిగా నడిచాడు. డోళ్ల దగ్గర ఆగి బూటు లేసు కూడా కట్టుకున్నాడు. ఐవర్ ముఖం వంకాయ రంగుకి తిరిగింది. స్వరం తెగలేదు. గేటు ముట్టుకుని కెప్టెన్ వెనక్కి తిరిగాడు. అలవాటుగా తన వేప్ కోసం జేబులోకి పోయిన కెప్టెన్ చెయ్యి, ఐవర్‌ని చూశాక ఉత్తిదే బయటికొచ్చింది.

"ముందు వరుసలో నిలబడెహె. గొడుగు మీ అత్తకిస్తాలే."

జనవరి రెండున ఐవర్ మెరిసే పట్టు కోటు వేసుకుని ముందు వరుసలో ఊదాడు. వేప్ ఇంకా సాక్సుల కిందే ఉంది. పారేద్దామంటే మనసొప్పలేదు, దాన్ని వీధి మూల కొట్టులో వాయిదాల మీద కొన్నాడు మరి. ఇంకా మూడొందల ఇరవై రాండ్లు బాకీ.