పసుపుతాడులో మచ్చ

మా అత్తగారికి నా మెడ మీదున్న శ్రద్ధ నా ప్రాణం మీద లేదు. ఈ మాట అనడానికి నాకిప్పుడు మొహమాటమేమీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కాలనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. గుంటూరు వైపు నుంచి వచ్చి అద్దెకుంటున్నాం. ఎల్బీనగర్‌లో సొంతింటికి పునాది పడగానే నాకు థైరాయిడ్ క్యాన్సరన్నారు. ఆపరేషన్‌కు మెడలో బంగారం తీసేయించారు. కోత మానగానే అత్తగారు పసుపుకొమ్ము కట్టిన తాడు వేశారు.

"ఇది మాత్రం ఎవరు చెప్పినా తీయకు. మెడ బోసిగా ఉంటే మావాడికి అరిష్టం" అన్నారు.

తర్వాత రేడియో అయోడిన్ మందు తాగించి, ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందని ఒంటరి గదిలో పెట్టారు. నాలుగేళ్ళ కూతుర్ని దగ్గరికి రానివ్వలేదు. పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపు బయటికి రాకుండా ఆ పసుపుకొమ్మును పళ్ళతో కరిచిపట్టుకునేదాన్ని.

స్కానింగ్‌లో ఛాతీ మధ్య నల్లటి మచ్చ కనిపించింది. ఎముకకు పాకి ఉండొచ్చు, మళ్ళీ స్కానింగ్ తీసి చూద్దామన్నాడు డాక్టరు. మావాళ్ళకు మొదటి సగమే వినిపించింది.

నన్ను ఇంట్లో వెనక గదిలో పడుకోబెట్టారు. ఒకరోజు ఇంటి ఓనరమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

"మీ అత్త గడ్డిఅన్నారం మార్కెట్‌కాడ కలిసిందమ్మా. నీ బిడ్డకు తల్లి కావాల్నంట, మీ ఆయనకు పిల్లను చూసొచ్చిన్రంట. ఏందిది? నువ్వింక బతికే ఉన్నవ్ గద!"

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. "అమ్మ ఏదో తొందరపడింది" అని తలొంచుకున్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. ఛీ, ఏం మనిషి!

రెండోసారి స్కానింగ్‌కు వెళ్ళినప్పుడు డాక్టరు నా మెడ చూసి, తాడు తీయమన్నాడు. మా ఆయన "అమ్మ ఒప్పుకోదండీ" అని నసిగాడు. నేనే తీసి బల్ల మీద పడేశాను.

ఛాతీలో మచ్చ లేదు. తాడొక్కదాన్నే మిషను కింద పెడితే మచ్చ అక్కడ కనిపించింది. మందు చేరినచోటే మచ్చ పడుతుందట, అది ఉమ్మిలోకి కూడా వస్తుందట. నేను కొరికిన తాడుకు అంటుకుని, నా ఎముకలో ఉన్నట్టు కనిపించిందట. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. మచ్చ సంగతి అడగలేదు. నా మెడ వైపే చూశారు.

"తాడేదే? మొగుడు బతికుండగా తీయడానికి చేతులెలా వచ్చాయే నీకు?"

"నేను బతికుండగా మీ అబ్బాయికి పిల్లను చూశారు కదా అత్తయ్యా" అన్నాను. "అప్పుడు తాడు నా మెడలోనే ఉంది."