కుప్పకు సరిపడా కథ

నా కథలు చదివితే కళ్ళు చెమర్చాయని పాఠకులు అప్పుడప్పుడూ రాస్తుంటారు. రాసేటప్పుడు నా కళ్ళూ చెమరుస్తాయి. కాకపోతే వాళ్ళది కరుణ, నాది కారం.

రాయడానికి కూర్చుంటే పక్కన చేటలో ఎండుమిరపకాయలు ఉండాలి నాకు. వాక్యం తోచేదాకా కాయల ముచ్చికలు, అదే తొడిమలు, తుంచుతూ ఉంటాను. తోచగానే చెయ్యి తుడుచుకుని లాప్‌టాప్ మీద నాలుగు ముక్కలు కొట్టి, మళ్ళీ చేటలోకి వస్తాను. కొందరు రచయితలకి కాఫీ కావాలట, కొందరికి ఏకాంతం కావాలట. నాకు ముచ్చికలు కావాలి. చెయ్యి తుడుచుకోవడం మర్చిపోయి కన్ను నలుపుకున్న రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో రాసిన భాగాలు చాలా ఆర్ద్రంగా వచ్చాయని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

గుంటూరులో మేముండే అపార్ట్‌మెంటులో ఎవరూ కారం కొనరు. ముచ్చికలు తీసిన కాయలన్నీ నేనే పంచేస్తాను. నేను రాయడానికి కూర్చోని రోజుల్లో పై అంతస్తు ఆవిడ తలుపు కొడుతుంది. "ఏమండీ, రాయట్లేదా? మా ఇంట్లో కారం అయిపోయింది." నేను రచయిత్రినన్న సంగతి ఆవిడకి తెలిసింది అంతవరకే. ఒక్క కథా చదివిన పాపాన పోలేదు.

ఈ అలవాటు మా మేనత్త దగ్గర అబ్బింది. నాకు కలం కంటే ముందు పరిచయమైంది కల్లం.

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వెళ్తే మా ఊరు. మాఘమాసం వచ్చేసరికి చేల పక్కన చదును చేసిన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకునేవి. ఎండిన కాయల్ని కుప్పలు పోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు పక్కకు ఏరి, మంచికాయలకు ముచ్చికలు తీసేవాళ్ళు. మూతులకి కొంగులు కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు. ఆ తుమ్ముల మధ్య అత్త కథ చెప్పేది.

ఆవిడ కథలకి ఒకటే నియమం. కుప్ప ఎంతుంటే కథ అంత. కాయలు అయిపోతే చాలు, రాజకుమారుడు గుర్రం ఎక్కబోతూ ఒక కాలు గాల్లో పెట్టి ఉన్నా సరే, ఆవిడ లేచి కొంగు దులుపుకునేది.

"అత్తా, వాడు ఎక్కాడా లేదా?"

"తెల్లారేలోపు కాలు పీకి వాడే ఎక్కుతాడు గానీ, నువ్వు ఇంటికి పదవే!"

ఆ కాలు గురించి నాకు అన్నం సయించేది కాదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. అందరూ కథలో మునిగి ఉన్నప్పుడు, వెనకున్న గోతంలోంచి దోసెడు కాయలు తెచ్చి మెల్లగా అత్త కుప్పలో పోసేదాన్ని. కుప్ప తరిగేది కాదు, కథ ఆగేది కాదు. "ఇయ్యాల ఈ కుప్పకేం దెయ్యం పట్టిందే, ఎంతకీ అవ్వదేంది!" అని పక్కవాళ్ళు విసుక్కునేవాళ్ళు. అత్త మాత్రం తల ఎత్తకుండా చెప్పుకుంటూ పోయేది.

అలా చెప్పిన వాటిలో బాగా పొడుగైంది దూడ కథ. ఒక పిల్ల, నుదుట తెల్లమచ్చ ఉన్న గేదెదూడను పెంచుకుంటుంది. పిల్ల నిద్ర లేచేలోపు తండ్రి దాన్ని సంతకి తోలుకుపోయి అమ్మేస్తాడు. పిల్ల దూడను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. పత్తిచేలో పడుకుంటుంది, పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం దగ్గర చలి కాచుకుంటుంది, ఊరూరూ అడుగుతూ పోతుంది. చివరికి మిరపకాయల బళ్ళ వెంట నడిచి గుంటూరు శివార్లో ఒక ఇంటి ముందు ఆగుతుంది. లోపల దూడ అరుస్తుంది. ఎవరో తలుపు గడియ తీస్తారు.

అక్కడ కుప్ప అయిపోయింది. ఆ ఏటికి అదే ఆఖరి కుప్ప. గోతాలన్నీ కుట్టేశారు. తెచ్చి పోద్దామంటే దోసెడు కాయలు దొరకలేదు నాకు. ఆ వేసవిలోనే నాన్న మా చదువుల కోసం గుంటూరుకి కాపురం మార్చారు. తర్వాత సెలవులకి వెళ్ళినా, ఓణీ వేసుకున్న పిల్లని కదా, కథ చెప్పమని అడగడానికి నామోషీ వేసింది. అలా ఆ తలుపు ముందు ఆ పిల్ల నిలబడిపోయింది. నేను మాత్రం పెళ్ళి, ఉద్యోగం, ఈఎమ్ఐలు అంటూ ముందుకొచ్చేశాను.

ఆ దూడ కథే ఇప్పుడు కథల యాప్‌లో వారం వారం రాస్తున్నాను. ఇది మా మేనత్త చెప్పిన కథ అని మొదటి భాగంలోనే పెట్టాను. శనివారం మధ్యాహ్నం మూడింటికి పాఠకులతో కబుర్లు. వాళ్ళు టైపు చేస్తారు, నేను టైపు చేస్తాను. నా తొలి కథలన్నీ తాలుకాయలే కాబట్టి అప్పట్లో ఆ కబుర్లకి నేనూ, దారి తప్పి వచ్చిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళూ. దూడ వచ్చాక జనం పెరిగారు. వాళ్ళలో ఇద్దరు తప్పకుండా వస్తారు. ఒకాయన దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నా వాక్యాలకి నాణ్యత పరీక్ష ఆయన చేతుల్లో ఉంది.

"మేడమ్, పిల్ల ఇంట్లోంచి చెప్పుల్లేకుండా బయల్దేరింది. ఈ వారం దారిలో ఒకరింట చెప్పులు విడిచి గడప ఎక్కింది. ఎక్కడివండీ?"

"దారిలో ఎవరో ఇచ్చారండీ."

"ఇచ్చినవాళ్ళకి ఒక్క లైనైనా ఇవ్వాల్సింది మేడమ్. పుణ్యాత్ములు."

రెండో ఆవిడ వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పనిచేస్తుంది. మొదటిసారి ఆవిడ రాసిన మాట నాకింకా గుర్తు. "మా షెడ్డులో ఒకరం ఫోన్లో మీ కథ చదువుతాం మేడమ్. మిగతావాళ్ళం వింటూ పప్పు పొట్టు తీస్తాం. పోయిన వారం మరీ చిన్నది రాశారు. మాకు పప్పు మిగిలిపోయింది."

అది చదవగానే ముక్కుకి కల్లం ఘాటు తగిలినట్టయింది. చేటలో కాయలున్నాయి కాబట్టి నిజంగానే తగిలి ఉండొచ్చు. ఆ మరుసటి వారం నుంచి భాగాలు కాస్త పొడుగ్గా రాయడం మొదలుపెట్టాను.

అలా రాస్తూ రాస్తూ, ఎవరో తలుపు గడియ తీసే చోటికి వచ్చాను. అక్కడ ఆగిపోయాను.

చేటలకి చేటలు కాయలు అయిపోతున్నాయి, ఒక్క వాక్యం రాదు. "ఇంట్లో కారం పెరుగుతోంది, కథ తరుగుతోంది, ఏంటి సంగతి?" అన్నారు మావారు. సంగతి చెప్పుకోలేనిది. ఇంతవరకూ రాసింది అత్త కథ. మాటలు నావైనా నడక ఆవిడది. ఆ గడియ తర్వాత ఆవిడ నాకు ఒక్క ముక్కా ఇవ్వలేదు. అది నేను రాయలేకపోతే నేను రచయిత్రిని కాను, అత్త బస్తాలు గుంటూరు చేర్చిన లారీని. ఈ వయసులో ఆ నిజం తేలుతుందేమోనని భయం పట్టుకుంది.

శనివారాలు మాత్రం ఆగవు కదా.

"మేడమ్, తలుపు ఇంకా తీయలేదా?" అడిగింది వేటపాలెం ఆవిడ.

"గడియ తుప్పు పట్టిందండీ."

"ఇక్కడ మేం రెండు పార్టీలైపోయాం. అది దాని దూడేనని సగంమంది, కాదని సగంమంది. మాటల్లేవు మాకు. తొందరగా తేల్చండి."

దాచేపల్లి ఆయన అందుకున్నాడు. "ఒక చిన్న డౌటండీ. పిల్ల తిరగబట్టి ఎన్ని మిరప కోతలయ్యాయో లెక్కేశారా? ఆ దూడ ఈపాటికి గేదె అయ్యుంటుంది. ఈని కూడా ఉంటుంది."

నవ్వు బొమ్మ ఒకటి పెట్టి తప్పించుకున్నాను.

"మీ మేనత్త ఉన్నారా మేడమ్?" మళ్ళీ వేటపాలెం ఆవిడే.

"ఉందండీ, ఊళ్ళోనే."

"మరి ఫోన్ చేసి అడగొచ్చుగా!"

ఆ మాట నాకు తోచలేదంటే అబద్ధం. తోచింది, చేయబుద్ధి కాలేదు. అడిగితే మిగిలింది కూడా ఆవిడదే అయిపోతుంది. కానీ షెడ్డు నిండా మాటల్లేని మనుషుల్ని పెట్టుకుని పంతానికి పోవడం ఎలా? చేశాను.

"ఏమే కోడలా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"అత్తా, దూడ కథ గుర్తుందా నీకు?"

"ఏ దూడే? మనింట దూడలకి కరువా?"

"నుదుట మచ్చ దూడ. పిల్ల తలుపు దగ్గర నిలబడింది. గడియ తీశారు. తర్వాతేమైంది?"

"ఉత్త చేతుల్తో ఫోన్లో కథేందే? శనారం రా. కల్లంలో కాయలున్నయ్."

ఈ శనివారం కల్లం నుంచి మాట్లాడతాననీ, ముగింపు మా అత్త నోటితోనే వినొచ్చనీ పాఠకులకి రాసి, బస్సెక్కాను. యాప్‌లో గొంతు వినిపించే సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. నా గొంతు మీద నమ్మకం లేక వాడలేదు అంతే.

కల్లంలో ఇప్పుడు కింద ప్లాస్టిక్ పట్టాలు పరుస్తున్నారు. ఆడవాళ్ళ మూతులకి కొంగుల బదులు మాస్కులు. కుప్పకొక ఫోను, ఫోనుకొక పాట. ఎరుపు మాత్రం అదే. ఘాటూ అదే. రేకుల నీడన అత్త ఒక చిన్న కుప్ప ముందేసుకుని కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది, వేళ్ళు మాత్రం నెరవలేదు, చకచకా తిరుగుతున్నాయి. ఫోన్ని మంచినీళ్ళ చెంబుకి ఆనించి నేనూ చెయ్యి కలిపాను.

"ఇందులో ఎంతమంది ఉన్నారే?"

"చాలామంది ఉన్నారత్తా. నీ మాట వినపడుతోంది వాళ్ళకి."

"చేతులు ఖాళీగా పెట్టుకుని వింటన్నారా?"

వేటపాలెం నుంచి వచ్చిన జవాబు చదివి వినిపించాను. "లేదత్తా, పప్పు పొట్టు తీస్తున్నాం."

"ఆఁ, అదీ."

"ఆఫీసులో ఉన్నానండీ, నేను ఖాళీయే" అని దాచేపల్లి ఆయన ఒప్పుకున్నాడు.

"ఆ అబ్బాయిని ఏదన్నా పని చూసుకోమను" అంది అత్త.

"ఇక చెప్పత్తా. తలుపు తీశాక ఏమైంది?"

అత్త ఒక కాయ ముచ్చిక తుంచి పక్కన పడేసింది. "నాకేం తెలుసే?"

"అదేంటి? నువ్వు చెప్పిన కథేగా!"

"నేననుకున్న కథలో దూడ సంతలోనే దొరికిద్ది. ఒక్క పూటలో అయిపోవాల. నువ్వు ఎనకమాలగా కాయలు తెచ్చి కుప్పలో పోస్తుంటివి. నేనేం జెయ్యను? పిల్లని ఇంకో ఊరు తిప్పా. మళ్ళీ పోశావు. ఇంకో ఊరు."

నా చేతిలో కాయ చేతిలోనే ఉంది. "నీకు తెలుసా అది?"

"నా ముందర కుప్ప నాకు తెలవదా ఏందే! ఆ పత్తిచేలో పడుకోడం, బ్యారన్ కాడ చలి కాగడం, అయ్యన్నీ నువ్వు బోసిన కాయలే. కథలో సగం నీదేనే. ఇప్పుడొచ్చి నన్నడుగుతావేంది?"

"మరి తలుపు?"

"నువ్వే తియ్యి. నేనింటా. ఎన్నేళ్ళని నేనే వాగను, నోరు నొప్పి."

అందరూ వింటున్నారు. నోటితో కథ చెప్పడం నా జన్మలో లేదు. లాప్‌టాప్‌లో అయితే తప్పు రాస్తే చెరిపేస్తాను, నోటికి చెరిపే మీట లేదు. ఏం చేయాలో తెలియక కాయలు తుంచడం మొదలుపెట్టాను. వేళ్ళు కదిలాయి. వాటి వెనకే మాట కదిలింది.

"తలుపు తీశారు. లోపల దూడ ఉంది. నుదుట తెల్లమచ్చ. పిల్ల గబగబా వెళ్ళి మెడ కావలించుకోబోయింది. దూడ బెదిరి వెనక్కి దూకింది. దాని వెనక చీకట్లో ఒక పెద్ద గేదె నిలబడి ఉంది. దాని నుదుట కూడా అదే మచ్చ."

"చెప్పానా లేదా!" అని దాచేపల్లి నుంచి మెరిసింది తెర.

"దూడను వెతుకుతూ తిరిగిన పిల్లకి, దూడ పెరుగుతుందన్న ఊహే రాలేదు. గేదెవైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి చూసుకుంటే, తనదీ చిన్నపిల్ల చెయ్యి కాదు."

పక్క కుప్ప దగ్గర పాట ఆగింది. ఎవరో మాస్కు కిందికి లాక్కుని, "గేదె గుర్తుపట్టిందా మరి?" అని అడిగారు. తెర మీద వేటపాలెం అక్షరాలు. "అరిచింది దాని దూడ కాదు, కానీ దాని దూడ ఆ ఇంట్లోనే ఉంది. రెండు పార్టీలూ గెలిచాం మేడమ్. మాట్లాడుకుంటున్నాం."

గేదె ముక్కు పొడుగ్గా చాచి ఆ చేతిని వాసన చూసింది. అంతవరకు చెప్పి, ఇక్కడ ఆపితే బాగుంటుందనుకున్నాను. కుప్ప కూడా సరిగ్గా ఈపాటికి అయిపోయి ఉండాలని లెక్క వేసుకుని కిందికి చూశాను.

కుప్ప తరగలేదు.

అత్త ఎటో చూస్తోంది. ఎడమచెయ్యి మాత్రం అప్పుడే వెనకున్న గోతంలోంచి తిరిగొచ్చి, పిడికెడు కాయల్ని చప్పుడు కాకుండా కుప్ప మీద వదిలింది.

"ఊఁ, తర్వాత?" అంది.