లోపల మాఫీ

నా మాటల్లో సగం తరుగు తీసేసి వినడం మీకు అలవాటే. తీయండి, నాకేం బాధ లేదు. కానీ ఈ ఒక్క రాత్రి సంగతికి మాత్రం తరుగు తీయకండి. నా బిడ్డ మీద ఒట్టు. ఇందులో సాక్షి కూడా ఆ బిడ్డే.

ఖతర్‌లో చమురు డబ్బు పొంగిపొర్లుతున్న రోజులు. నేను వడ్రంగిని. అల్ రువైస్ దగ్గర, సముద్రం ఒడ్డున, మా కంపెనీకి ఒక వింత పని దొరికింది. ఏదో సినిమా. కథ జరిగేది ఇంగ్లండులో, వందల ఏళ్ళ నాటి ఒక సంత ఊళ్ళో. డబ్బు పెట్టే షేక్ అక్కడి చలికి ఆగలేనన్నాడట. ఊరికి మనం వెళ్ళడమెందుకు, ఊరినే ఇక్కడికి తెమ్మన్నాడట. తెచ్చాం. ఫోటోలు చూసి మూడు నెలల్లో కట్టేశాం. రాతి ఇళ్ళు, నడుమ సంత బజారు, గడియారపు గోపురం. అన్నీ ముఖాలే... వెనుక ఏమీ లేదు. ప్లైవుడ్డు, దాని మీద ప్లాస్టరు, వెనకనుంచి ఊతకర్రలు. ఒక ఆకుపచ్చ తలుపు నేనే మేకులు కొట్టి బిగించాను. అది తెరుచుకోదు. తెరిచినా అవతల ఇసుకే.

తెల్లారితే షూటింగు. ఆ రాత్రి కాపలా నాకూ, కరీంనగర్ జహంగీర్ భాయ్‌కీ పడింది. ఖతర్‌లో దిగినవాడికి మొదట వచ్చే అరబ్బీ రెండే మాటలు. ఫీ అంటే ఉంది. మాఫీ అంటే లేదు. మా మంచిర్యాల ఫోర్‌మన్ ఆ రెండింటితోనే రాజ్యమేలేవాడు.

"పొద్దుగాల అన్నీ సక్కగుంటే నీ లీవు ఫీ. ఒక్క మేకు ఊడినా లీవు మాఫీ."

ఆ లీవు కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. నేను విమానం ఎక్కాక పుట్టింది నా బిడ్డ. మా ఇంటిది ఉత్తరాలకు బదులు మాటల క్యాసెట్లు పంపేది. వాటిలో బిడ్డ ఏడుపు విన్నాను. నవ్వు మాత్రం ఎన్నడూ వినలేదు. టేపు నొక్కగానే ఏడుపు అందుకునేదట.

ఆ రాత్రి నేనూ ఒక క్యాసెట్ నింపుతూ కూర్చున్నాను.

"సంసారమంతా డబ్బాలనే చేస్తున్నవ్ గదనే లింగన్నా," అని నవ్వాడు భాయ్. "చాయ్ తెస్త, ఉండు." డేరా వైపు వెళ్ళిపోయాడు.

అప్పుడు... సముద్రం మీదినుంచి మంచు లేచింది. మెల్లగా. ముందు గోపురం కరిగిపోయింది. తర్వాత దీపాలు పాలలో పడ్డట్టు తెల్లబారాయి. టేపు తిరుగుతూనే ఉంది.

టక్... టక్...

గుర్రపు డెక్కలు. రాతి మీద. మా బజారులో రాయి ఎక్కడిది? మేం పరిచింది ప్లాస్టరు. వాసన కూడా వచ్చింది. వాన పడ్డ మట్టి... వెన్న... తడిసిన గొర్రె బొచ్చు. భయపడ్డానా అంటే, లేదు. ఎవరో ఊయల ఊపుతున్నట్టుంది.

ఆకుపచ్చ తలుపు ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్లటి టోపీ, చంకలో గంప. ముందే వచ్చిన నటి కాబోలు అనుకున్నాను. ఆమె నన్ను చూసి తలుపు వైపు చెయ్యి చాపింది. తలుపు... తెరుచుకుంది. చప్పుడు లేదు. లోపల పసుపు వెలుతురు. మెట్లు. ఆ మెట్ల పైనుంచి చిన్నపిల్ల నవ్వు. చివర్లో ఎక్కిళ్ళతో ఆగే నవ్వు.

నా కాలు గడప దాకా వెళ్ళింది. వెనుక ఏమీ లేదని నా చేతులకు తెలుసు. కాళ్ళకే తెలియలేదు. గడప ఇవతలే ఆగి అన్నాను.

"మాఫీ... లోపల మాఫీ."

"ఎవలతోనే మాట్లాడుతున్నవ్?" చాయ్ గ్లాసులతో భాయ్ వచ్చాడు. మంచు పలచబడింది. తలుపు మూసే ఉంది. మేకులు కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి.

జరిగిందంతా చెప్పాను. భాయ్ ఒక గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"మాఫీ అన్నవా? మా బోలీల మాఫీ అంటే తప్పు మన్నించుమనుడు. ముసల్దానికి ఉర్దూ వచ్చేమో. మాఫ్ చేసి ఇడిశిపెట్టింది."

నవ్వాడు. కానీ తెల్లారేదాకా నా పక్కనుంచి కదల్లేదు.

మేకు ఊడలేదు. లీవు వచ్చింది. ఆ క్యాసెట్ వినకుండానే సంచిలో వేసుకుని ఇంటికి చేరాను. బిడ్డ నన్ను చూసి తల్లి కొంగు వెనక దాక్కుంది. మచ్చిక చేసుకుందామని టేపు పెట్టాను. డెక్కల చప్పుడు లేదు. ఉత్త గాలి. తర్వాత నా గొంతు... మాఫీ, లోపల మాఫీ. ఒక్క క్షణం ఏమీ లేదు.

ఆ తర్వాత... సన్నగా, ఆడగొంతు.

"ఫీ."

కొంగు వెనకనుంచి బిడ్డ నవ్వింది. చివర్లో ఎక్కిళ్ళతో ఆగే నవ్వు.

"నీ మాటనే మర్లి ఇనబడ్డది," అంది మా ఇంటిది. కావచ్చు. మాఫీ అన్న మాట చివర ఫీ ఉండనే ఉంది కదా. కానీ తెరిచిన తలుపులోకి అన్న మాట తిరిగి రావాలంటే, లోపల గోడలుండాలి... అక్కడ గోడలు లేవు. కట్టినవాణ్ణి నేనే కదా.